చెవిలో చిలుక

"అత్తా, రొట్టె చల్లారిపోతున్నది."

కమల కంచం ఇంకొంచెం దగ్గరికి జరిపింది.

"పల్లీలు ఏంచి శేంగా చట్నీ కూడ నూరిన. నీకు ఇష్టమని నూనె జెర ఎక్కువనే పోసిన."

పార్వతీబాయి గోడకు మొహం పెట్టి కూర్చుంది, కదలలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే వరస. తిండీ లేదు, మాటా లేదు. తిండి మానేస్తే కమల అంత భయపడేది కాదు, ఉపవాసాలు ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. అత్త నోరు మూతపడటమే కొత్త. సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లోని ఆ సందులో మర మగ్గాల చప్పుడును దాటుకుని వినబడే గొంతు ఏదైనా ఉందంటే అది పార్వతీబాయిదే.

అందులోనూ ఇవాళ సద్దుల బతుకమ్మ. సాయంత్రం అయిదింటికి సందులోని ఆడవాళ్లంతా బతుకమ్మలు తెచ్చి నడిమధ్య పెడతారు. పార్వతీబాయి మొదటి మాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ అందుకోవాలి. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఇలాగే జరుగుతోంది.

అలకకు కారణం ఇంటిల్లిపాదికీ తెలుసు. మొన్న కమల ఇంట్లో అందరి ఫోన్లలోంచీ చిలుకను తీసేసింది. చిలుక అంటే పాటల యాప్. దాని అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది, బొమ్మ మాత్రం చిలుకది, కాబట్టి సందు మొత్తానికీ అది చిలుకే. దాని బదులు వచ్చినదానికి గంట బొమ్మ ఉంది, అది గంట. కారణం తెలుసు, సరే. కానీ పాటల యాప్ మార్చినందుకు అన్నం మానేసే మనిషిని మీరెక్కడైనా చూశారా? కమల కూడా చూడలేదు.

"మాట్లాడు అత్తా. పోనీ తిట్టు. తిట్టినా నాకు బాగనే ఉంటది."

పార్వతీబాయి గోడతో అంది. "ఏమయ్యా, నీ కోడలికి చెప్పు. నాకు ఆకలి లేదు."

నర్సప్ప గుమ్మంలో కూర్చుని పావుగంట నుంచి ఒకే చెప్పు తొడుక్కుంటున్నాడు. కోడలు తనకు రెండడుగుల దూరంలో ఉంది. అయినా చెప్పాడు. "కమలా, మీ అత్తకు ఆకలి లేదట."

"విన్న మామా."

"విన్నదట," అన్నాడు భార్యతో.

"నా చిలుకను ఎవర్ని అడిగి తీసేసిందో అడుగు."

"ఎవర్ని అడిగి..." అని నర్సప్ప మొదలుపెట్టేలోపే కమల చేతిలోని గరిటె కింద పెట్టేసింది. పండుగపూట గొడవ పడకూడదని పొద్దున్నుంచి పళ్లబిగువున ఆపుకుంటోంది. ఇక వల్ల కాలేదు.

"ఎవర్ని అడగాలె? ఏడేండ్లు అత్తా! ఏడేండ్లు త్రాస్ పడ్డ దాంతోని! వారానికొకసారి నువ్వెవరని అడుగుతది నన్ను. ఓటీపీ ఏమో మీ కొడుకు ఫోన్‌కు పోతది. ఆయనేమో కార్ఖానాల. బీడీలు చుట్టే తంబాకు చేతులతోని ఆడికి ఉరికితే, లూమ్‌ల చప్పుడుల నోటితోని చెప్తే వినబడదని ఆయన వేళ్లతోని చూపిస్తడు. నాలుగు. ఏడు. సున్న. అది యాద్ పెట్టుకొని ఇంటికి ఉరికొచ్చేసరికి టైం అయిపోయిందంటది. మళ్ల ఉరుకు!"

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ ఉరుకులు చూసేందుకే ఎదురింటి ద్రౌపది అరుగు మీద చాట పెట్టుకుని కూర్చునేదని కూడా సందులో అనుకునేవారు.

"పైసలు కడితే అడ్వర్టైజ్‌లు రావన్నది. కట్టినంక, తక్కువ వస్తయ్ అన్నది. ఇంట్ల అందరం తెలుగు పాటలు వింటుంటే పంజాబీవి పెడతది. తెలుగు పెట్టవే తల్లీ అంటే జోలపాటలు పెట్టింది నెల దినాలు! ఇంట్ల చంటిపిల్ల ఉన్నదని దానికదే అనుకున్నది. నాకు నలభై రెండేండ్లు అత్తా! జోలపాటలు విని ద్రౌపదత్త ఎన్నో నెలనే అని అడిగింది నన్ను!"

నర్సప్ప రెండో చెప్పు కోసం వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"నవ్వకు మామా! గంట చూడు ఎంత మంచిగున్నదో. ఒత్తితే పాడుతది, ఒత్తితే ఆగుతది. నువ్వెవరు, మీదేవూరు అని అడగదు. నాకు కంటాళ వచ్చింది, యాష్ట వచ్చింది, బస్. తీసేసిన."

పార్వతీబాయి గిర్రున తిరిగింది. రెండో రోజుకు గోడను వదిలి మనిషి మొహం చూసింది.

"తీసేస్తే తీసేస్తివి. ఖాతా ఎందుకు బంద్ చేసినవ్? బొమ్మ తీసేస్తే మళ్ల పెట్టుకోవచ్చు. ఖాతానే లేకుంట చేస్తే ఏం మిగులుతదే?"

కమల అత్త వైపు వింతగా చూసింది. ఫోన్‌లో వాట్సప్ పోతే ఫోనే పోయిందని ఏడ్చే మనిషి అత్త. బొమ్మ తీసేయడం వేరు, ఖాతా మూసేయడం వేరు అని ఈవిడకు ఎవరు చెప్పారు? నర్సప్ప మాత్రం చటుక్కున నవ్వు ఆపేశాడు. కమల అది కూడా చూసింది.

అడుగుదామనుకునేలోపే గుమ్మంలో గాజులు మోగాయి.

ద్రౌపది వచ్చింది. చేతిలో రొట్టె, బెల్లం కలిపిన మలీద గిన్నె, పెదవి మీద పండుగకు సరిపడా నవ్వు. పార్వతీబాయిని వదినా అని పిలుస్తుంది గానీ చుట్టరికమేమీ లేదు. సందులో పార్వతీబాయి తరవాత పాట ఎత్తుకోగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆ 'తరవాత'లో ఉండటం ఆమెకు ఇష్టం లేదని అందరి నమ్మకం.

"వదినా, గొంతు బాగలేదట గద?"

"ఎవరన్నరు?"

"నిన్నటిసంది నీ గొంతు వినబడలె. సందంత చుప్‌గున్నది, భయమైంది." గిన్నె కింద పెట్టింది. "బాగలేకుంటే చెప్పు. ఈ ఏడు నేను ఎత్తుకుంట. పోయినేడు లెక్క పండ్ల పాట వస్తే బాగుండదు."

పండ్ల పాట సంగతి చెప్పక తప్పదు. పోయిన ఏడాది ఇదే సద్దుల నాడు, నలభైమంది ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతుండగా, పాట మంచి ఊపులో ఉండగా, పార్వతీబాయి ఎక్కడా ఆగకుండా, రాగం చెడకుండా ఇలా ఎత్తుకుంది:

తెల్ల తెల్లని పండ్లు ఉయ్యాలో
తెల్లారె మెరువంగ ఉయ్యాలో

ముప్ఫయ్యేళ్లుగా ఆవిడ ఏది పాడితే అది పాడటం అలవాటైన నలభైమందీ భక్తిగా అందుకున్నారు. చప్పట్లు కూడా సరిగ్గానే పడ్డాయి.

ఈరోజే కొనండి ఉయ్యాలో
ఒకటి కొంటే ఒకటి ఉయ్యాలో

అక్కడ మాత్రం కొందరికి అనుమానం వచ్చింది. ఇది కొత్త పాట, మీకు తెలియదని పార్వతీబాయి గద్దించింది. సందు ఊరుకుంది. కొంతం చౌక్ దాకా నవ్వుకున్నారు గానీ ఆవిడ ఎదుట ఎవరూ నవ్వలేదు.

ఆ మాట ఇవాళ ద్రౌపది నోట వచ్చేసరికి కమలకు ఒళ్లు మండింది. అత్తమీద తను ఎంతైనా అరుస్తుంది, అది ఇంటి సంగతి. ఎదురింటివాళ్లు అంటే ఎలా ఊరుకుంటుంది?

"మా అత్త గొంతు బరోబర్ ఉన్నది ద్రౌపదత్తా. ఈ ఏడు కూడ ఆమెనే ఎత్తుకుంటది. అన్ని చరణాలు, ఒక్కటి కూడ తగ్గదు!"

పార్వతీబాయి కోడలి వైపు చూసిన చూపులో కోపం ఉంటుందని కమల అనుకుంది. కోపం లేదు. ఆవిడ భయపడుతోంది.

ద్రౌపది పార్వతీబాయి చెవి వైపు ఒక్క క్షణం చూసి, "సరె వదినా, అయిదింటికి వస్త," అని వెళ్లిపోయింది. పార్వతీబాయి మళ్లీ గోడవైపు తిరిగింది. నర్సప్ప లేచి, కోడలికి వేలితో సైగ చేశాడు. కార్ఖానాకు రమ్మని.

కార్ఖానా ఇంటి వెనకే. నాలుగు లూమ్‌లు, నాలుగింటి మీదా టవళ్లు. పండుగైనా సాయంత్రం దాకా నడపాల్సిందే, ఆర్డరు ఉంది. సాయిలు నూలు కండె మార్చుతూ తండ్రినీ పెళ్లాన్నీ చూసి తలూపాడు, ఏమిటని అడగలేదు. అడిగినా వినబడదు.

ఆ పేట్‌లో రహస్యం చెప్పాలంటే ఎవరూ గదిలోకి తీసుకెళ్లి తలుపు వెయ్యరు. గోడలు పలచన, పక్కింటికి తుమ్ము కూడా వినబడుతుంది. లూమ్ పక్కన నిలబెట్టి గొంతు చించుకుని చెప్తారు. చెవి దగ్గర అరిస్తేనే వినబడుతుంది, రెండడుగులు దాటితే దేవుడికి కూడా వినబడదు. పెళ్లి మాటలు, పంపకాలు, పక్కింటివాళ్ల మీద చాడీలు, అన్నీ అక్కడే. నర్సప్ప యాభై ఏళ్ల రహస్యాలన్నీ రెండో నంబరు లూమ్ దగ్గరే బయటపెట్టాడు. ఒక్కటి కూడా సందులోకి పొక్కలేదు.

"మీ అత్త పాటలు దాంట్ల ఉండె!" అని అరిచాడు.

"ఏం పాటలు?"

"ఆమె పాడినయే! చిలుకల! మన సొంత పాటలు పెట్టుకునే జాగ ఉంటది చూడు, దాంట్ల! నేనే రికార్డు చేసిన!"

"నువ్వా మామా?"

"ఈడనే కూసుండబెట్టి! ఒక్క లూమ్ నడిపించి! లూమ్ నడిస్తెనే ఆమెకు పాట వస్తది! పదకొండు చరణాలు, మూడు దినాలు పట్టింది!"

కమలకు అర్థం కాలేదు. "పాడనొచ్చిన మనిషికి రికార్డు కశాలా? ఎందుకు?"

నర్సప్ప అటూ ఇటూ చూశాడు. సాయిలు దూరంగా ఉన్నాడు. నాలుగు లూమ్‌లు దబదబలాడుతున్నాయి, అటుపక్క కార్ఖానావి, ఇటుపక్క కార్ఖానావి కూడా. ఇంతకన్నా భద్రమైన చోటు సోలాపూర్‌లో లేదు. ముసలాయన ఊపిరి నిండా పీల్చుకున్నాడు.

"మీ అత్తకు మాటలు యాదికి ఉంటలేవు కమలా! మూడేండ్ల సంది..."

కరెంటు పోయింది.

నాలుగు లూమ్‌లూ ఆగాయి. అటుపక్కవీ ఆగాయి, ఇటుపక్కవీ ఆగాయి. సందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారి నిశ్శబ్దం పడింది. కానీ అరుపు మధ్యలో ఉన్న మనిషి ఎలా ఆగుతాడు?

"...చెవుల ఫోన్ పెట్టుకొని, అది పాడుతుంటే విని పాడుతున్నది మీ అత్త!"

పక్క కార్ఖానాలో ఎవరో దగ్గారు. సాయిలు చేతిలో కండె అలాగే ఉండిపోయింది. ఎదురింట్లో గిన్నె ఏదో కిందపడి, చాలాసేపు తిరిగి, ఆగింది.

నర్సప్ప చేత్తో నోరు మూసుకున్నాడు. ఇప్పుడు మూసుకుంటే ఏం లాభం?

*

కమలకు మొన్నటి సంగతి కళ్లముందు తిరిగింది. ఖాతా మూసేస్తున్నప్పుడు ఏడుస్తున్న చిలుక బొమ్మ వచ్చింది. వెళ్లిపోతున్నారా అని అడిగింది. అవును అని ఒత్తింది. నిజంగానా అంది. అవును. ఆలోచించుకున్నారా అంది. ఏడేళ్లు ఆలోచించుకున్న అని పైకే అని మరీ ఒత్తింది. ఒత్తినప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేదు. అడుగున చిన్నక్షరాల్లో ఏదో రాసి ఉంది. ఏడేళ్లలో అది రాసిన మాట ఒక్కటి నిజమైతే కదా, చదవడానికి.

నిలబడ్డచోటే ఫోన్ తీసి, సిమ్ నెట్‌తో చిలుకవాళ్ల సహాయ కేంద్రానికి రాసింది. మా అత్త పాటలు తిరిగి కావాలని. వెంటనే జవాబు వచ్చింది. 'నమస్కారం! సహాయం కోసం ముందుగా మీ ఖాతాలోకి రండి.' ఖాతా లేదని రాసింది. 'ఖాతా లేనివారికి సహాయం చేయలేము. కొత్త ఖాతా తెరవండి. మీకోసం జోలపాటలు ఎదురుచూస్తున్నాయి!'

కమల ఫోన్‌ను తిట్టిన తిట్టు సాయిలు పదహారేళ్ల కాపురంలో ఎప్పుడూ వినలేదు.

ఇంట్లోకి వచ్చేసరికి పార్వతీబాయి గోడ దగ్గర లేదు. బతుకమ్మ ముందు కూర్చుని ఉంది. బంతిపూల వరస సగంలో ఆగింది.

"విన్నవా అత్తా?"

"చెవుడు లేదు నాకు. మరుపే."

కమల పక్కన కూలబడింది. "నాకెందుకు చెప్పలె? చెప్తె నేను ముట్టుకుందునా దాన్ని?"

"ఏమని చెప్పాలె? మొన్న ఉప్పు అడగనికి ఉప్పు అనే మాట రాలె నాకు. తెల్లగుంటది చూడు, అది ఇయ్యి అన్న. నువ్వు చక్కెర ఇచ్చినవ్. చారు పారబోసినం, యాదికున్నదా? అందరం నవ్వినం." పార్వతీబాయి బంతిపువ్వు తొడిమ గిల్లుతోంది. "ఆకు కత్తిరించుడు చేతికి వస్తది. బీడీ చుట్టుడు చేతికి వస్తది. పాట ఒక్కటే తలకాయల ఉండేది. అది పోతె ఈ సందుల నేను ఎవరిని కమలా? పది మందిల ఒక ముసల్ది."

కమలకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పని కాదని పుస్తకం, పెన్ను తెచ్చింది. "చెప్పు. వచ్చినంత చెప్పు, రాసుకుంట."

పొట్ట చేత పట్టుకుని ఈ ఊరు వచ్చినవాళ్ల పాట అది. ఎవరు ముందొచ్చారు, ఎవరు మగ్గం వేశారు, ఎవరు ఎవరికి ఏం సాయం చేశారు, అన్నీ అందులో ఉంటాయి. పార్వతీబాయికి వాళ్ల అత్త నేర్పింది, ఇంకెవరికీ రాదు. మొదటి చరణం వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది తడబడి వచ్చింది. ఆ తరవాత ఆవిడ నోరు తెరుచుకునే ఉంది, మాట రాలేదు.

"ఖాళీ," అంది. "అంత ఖాళీ."

నాలుగున్నర అవుతోంది. బయట గాజుల చప్పుళ్లు మొదలయ్యాయి.

ద్రౌపది పిలవకుండానే లోపలికి వచ్చింది. ఈసారి మొహం మీద నవ్వు లేదు. చేతిలో ఫోన్ ఉంది.

"సందంత విన్నది వదినా."

"సూసిపోనికి వచ్చినవా?" పార్వతీబాయి నిటారుగా కూర్చుంది. "పో. నువ్వే ఎత్తుకో పో. ముప్ఫై ఏండ్ల సంది నీకు అదే గద కావాలె."

ద్రౌపది కిందకూర్చుని ఫోన్ మీద ఏదో ఒత్తింది. ముందు లూమ్ చప్పుడు వచ్చింది. ఒక్క లూమే, నిదానంగా. దాని వెనకాల పార్వతీబాయి గొంతు.

పొట్ట చేత పట్టి ఉయ్యాలో
పొద్దెంట నడిచిరి ఉయ్యాలో

కమల ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇది నీ తాన ఎట్లున్నది?"

"నువ్వే పెట్టిస్తివి. రెండేండ్ల కింద, మా అరుగు మీద బీడీలు చుట్టుకుంట విందమని మీ చిలుకనే నా ఫోన్‌ల కూడ పెట్టినవ్. నెట్ లేకున్న వినొచ్చని బాణం బొమ్మ ఏదో ఒత్తినవ్. అన్ని దిగినయ్. ఇవి కూడ దిగినయ్. పండుగ పనుల పడి మూడు దినాల సంది తెరువలె, ఇప్పుడే తెరిచిన."

కమలకు అప్పుడు వెలిగింది. ద్రౌపది ఫోన్‌కు నెట్ అంటే వీళ్లింటి వైఫైయే. కరెంటు లేదు, వైఫై లేదు. తాను చచ్చిపోయిన కబురు ఆ ఫోన్‌లోని చిలుకకు ఇంకా అందలేదు. జన్మలో ఒక్కసారైనా అది మంచి పని చేస్తోంది.

బండి దిగినారు ఉయ్యాలో
బట్ట మూటలతోని ఉయ్యాలో

మొదటి మగ్గమేసె ఉయ్యాలో
మొగులయ్య తాత ఉయ్యాలో

పార్వతీబాయి కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. నాలుగో చరణం వచ్చింది.

నిలువ నీడ లేనాడు ఉయ్యాలో
నీళ్లు పోసె లసుమవ్వ ఉయ్యాలో

పార్వతీబాయి కళ్లు తెరిచింది. ద్రౌపది పాటను అక్కడే ఆపింది.

లసుమవ్వ ద్రౌపది అత్త. చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె పేరు పాటలోంచి పోయి మాత్రం పద్దెనిమిదేళ్లే. ఆ ఏడు నల్లా దగ్గర ద్రౌపది బిందె ముందా, పార్వతీబాయి బిందె ముందా అని గొడవై, రెండు బిందెలూ సొట్టలు పడ్డాయి. ఆ సద్దులకు పార్వతీబాయి మూడో చరణం నుంచి నేరుగా అయిదోదానికి వెళ్లిపోయింది. నీళ్లు పోసినామె పేరు నీళ్ల తగాదాలో కొట్టుకుపోయింది. ఎవరూ అడగలేదు. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లకు అక్కడ ఒక చరణం ఉండేదని కూడా తెలియదు.

"రెండేండ్ల సంది నాకు తెలుసు వదినా, నీ చెవుల ఏమున్నదో." ద్రౌపది ఆవిడ చెవిని వేలితో చూపింది. "పండ్ల పాట ఎందుకొచ్చిందో కూడ తెలుసు. నా ఫోన్‌ల కూడ ఆడనే వస్తది ఆ పండ్లపొడి అడ్వర్టైజ్. ఎవరికన్న చెప్పిన్నా? మా అత్త పేరు ఈ పెట్టెలనన్న ఉన్నది గద అని ఊకున్న. చెవుల నువ్వే పాడుతున్నవ్, నోట్లకు వచ్చేసరికి నువ్వే మింగుతున్నవ్."

"అది..." పార్వతీబాయి మాట కోసం వెతుక్కుంది. "రికార్డు చేసినప్పుడు యాదికి లేకుండె. ఆ చరణం ఇడిసిపెట్టాలన్న సంగతి."

"మర్చిపోయినవ్ కాబట్టే మంచిగ పాడినవ్."

ఆ కాస్త వ్యవధిలో కమల తన ఫోన్ తీసి ద్రౌపది ఫోన్ పక్కన పెట్టి రికార్డు చేసుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. తట్టలేదు. తట్టేలోపే కరెంటు వచ్చింది.

వెనకాల లూమ్‌లు దబదబా మొదలయ్యాయి. గోడ మీద వైఫై డబ్బాకు పచ్చ దీపం వెలిగింది. ద్రౌపది చేతిలో ఫోన్ ఒకసారి వణికి, పాట మాయమై, ఏడుస్తున్న చిలుక బొమ్మ వచ్చింది. 'ఈ ఖాతా శాశ్వతంగా మూసివేయబడింది. ఇన్నేళ్ల మీ ప్రేమకు ధన్యవాదాలు.'

"నీ మొహం మండ!" అని కమల తలబాదుకుంది. "ఏడేండ్లల ఒక్క పని టైంకు చెయ్యలె, ఇదొక్కటి చేసింది!"

మిగతా ఏడు చరణాలూ పోయాయి. పార్వతీబాయి ఆ బొమ్మకేసి చూస్తూ ఉండిపోయింది. ద్రౌపది ఫోన్ కొంగులో ముడివేసుకుంది.

"నాకు వచ్చు," అంది. "పదకొండూ వచ్చు. రెండేండ్లు దినాం విన్న. నీ ఎడమ పక్కన నిలబడి చరణానికి మొదటి మాట మెల్లగ అందిస్త. నువ్వే ఎత్తుకుంటవ్. ఎవరికీ తెల్వది. ఓటీపీ కూడ అడగ." నవ్వబోయింది, రాలేదు. "నాలుగోది మాత్రం నేను అందియ్య. అది నీయంతల నువ్వు పాడాలె. పాడుతవా?"

పార్వతీబాయి మలీద గిన్నె దగ్గరికి లాక్కుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అది ఒప్పుకోవడమో, నిన్నటి నుంచి ఉన్న ఆకలో కమలకు తెలియలేదు.

*

అయిదింటికి సాయిలు లూమ్‌లు ఆపాడు. సందు నడుమ ముప్ఫైకి పైగా బతుకమ్మలు చేరాయి. చుట్టూ నలభైమంది ఆడవాళ్లు. అందరూ పట్టుచీరల్లోనే ఉన్నారు, అందరి చూపూ ఒకచోటే ఉంది. పార్వతీబాయి చెవుల మీద.

ఆవిడకు తెలుసు. బతుకమ్మ దించి, నిలబడి, రెండు చేతులతో జుట్టు వెనక్కు తోసి గట్టిగా ముడి వేసుకుంది. రెండు చెవులూ బయటపెట్టి ఒకసారి చుట్టూ తిరిగింది, అందరూ చూసుకోండి అన్నట్టు. కమ్మలు తప్ప ఏమీ లేవు. ఎవరో సిగ్గుపడి తలవంచుకున్నారు.

ఎడమ పక్కన ద్రౌపది పెదాలు కదిలాయి. పార్వతీబాయి ఎత్తుకుంది.

పొట్ట చేత పట్టి ఉయ్యాలో

నలభై గొంతులు అందుకున్నాయి. కమల ఊపిరి పీల్చుకుంది. రెండో చరణం. ద్రౌపది మాట అందించింది, పాట సాగింది. మూడోది. మొగులయ్య తాత మగ్గం వేశాడు.

ద్రౌపది నోరు మూసుకుంది. చూపు పూల మీద పెట్టి చప్పట్లు మాత్రం కొడుతోంది.

ఒక చుట్టు చప్పట్లు ఖాళీగా పడ్డాయి. రెండో చుట్టూ పడ్డాయి. అత్త మర్చిపోయిందా, మింగుతోందా? గుమ్మంలో నర్సప్ప ఈసారి రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు.

నిలువ నీడ లేనాడు ఉయ్యాలో

వచ్చింది! పెద్దావిడలు ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడి తలెత్తారు. పద్దెనిమిదేళ్ల తరవాత వింటున్నారు ఆ మాట. ద్రౌపది చేతులు గాలిలోనే ఆగాయి.

నీళ్లు పోసె... అంది పార్వతీబాయి.

అక్కడ ఆగింది. పెదాలు రెండుసార్లు కదిలాయి. అందరూ చూస్తుండగా పక్కకు తిరిగి, పాడే గొంతుతో కాదు, మామూలు గొంతుతో అడిగింది.

"ద్రౌపదీ, మీ అత్త పేరేంది?"

వలయం మొత్తం బిగుసుకుపోయింది. ఇంతకన్నా అవమానం ఉంటుందా అని అటువైపు ఎవరో గుసగుసలాడారు. పద్దెనిమిదేళ్ల పగ ఇలా తీర్చుకుంటారా అని ఇటువైపు ఇంకెవరో.

వాళ్లకు కనబడనిది ఒకటుంది. కొంగు చాటున పార్వతీబాయి ద్రౌపది ముంజేతిని పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు ఒకటి చిట్లి ద్రౌపది చర్మంలోకి దిగింది.

ద్రౌపది ఆ చేతిని చూసింది, వదిన మొహం చూసింది, చుట్టూ ఎదురుచూస్తున్న నలభైమందినీ చూసి, అందియ్యనన్న ఆ ఒక్క మాటను అందించడానికి నోరు తెరిచింది.